గారపళ్ళు, నల్లపళ్ళు - కొంచెం చరిత్ర

తెలుగులో బాగాలేని పళ్ళకి రెండు వేరువేరు మాటలున్నాయి. లోపల పుచ్చిపోతే పిప్పిపన్ను. పైన మచ్చ పడితే గారపన్ను. మొదటిది రోగం, రెండోది రంగు. భాష ఇంత శుభ్రంగా విడగొట్టి పెట్టినా, మనిషిని చూసేటప్పుడు మాత్రం రెండిటినీ ఒకే గాటన కట్టేస్తాం. గారపళ్ళ మనిషి కనపడగానే "పళ్ళు సరిగ్గా తోముకోడు కాబోలు" అనేసుకుంటాం. పెళ్ళి సంబంధాల దగ్గర "అబ్బాయి ప్యాకేజీ బానే ఉంది గానీ, ఆ పళ్ళే.." అని సాగదీస్తారు. పిప్పిపన్ను మాత్రం దవడ చివర హాయిగా దాక్కునుంటుంది. దాని గురించి ఎవ్వరూ అడగరు.

ఇదేమీ మన ఒక్కళ్ళకే ఉన్న జబ్బు కాదు. కొంతకాలంగా ఈ విషయం మీద దొరికినవల్లా చదువుతున్నాను (బిల్డు అయ్యేలోపు చదువుకోడానికి పళ్ళ చరిత్రని మించిన సబ్జెక్టు లేదు, ఎవరైనా స్క్రీన్ వైపు చూసినా ఏమీ అనలేరు). చదివినకొద్దీ నాకు కనపడింది ఒకటే. పంటి రంగు చూసి మనిషి శుభ్రతనీ, స్థాయినీ, నాగరికతనీ లెక్కకట్టడం చాలా దేశాల్లో జరిగింది, ఆ లెక్క చాలాచోట్ల తప్పింది. ఆ తప్పుడు లెక్క భారం మాత్రం కట్టినవాడి మీద పడదు, పళ్ళున్నవాడి మీద పడుతుంది.

జపాన్‌తో మొదలెడదాం. అక్కడ వెయ్యేళ్ళ పైచిలుకు అందమైన పళ్ళంటే నల్లటి పళ్ళు. మనకి కాటుక ఎలాగో వాళ్ళకి ఇదలాగ. పేరు ఒహగురో. హేయన్ కాలంలో (794-1185) రాజాస్థానంలో ఇది పెద్దింటి అలంకారం, మగవాళ్ళు కూడా వేసుకునేవారు. తర్వాత సమురాయ్ ఇళ్ళలోకి పాకింది. ఎడో కాలం (1603-1868) వచ్చేసరికి పట్నాల్లో పెళ్ళైన ఆడవాళ్ళకి గుర్తయిపోయింది, మన మెట్టెల్లాగా.

'త్సుత్సుమి చూనగోన్ మొనొగతారి' అని ఒక పాత కథల సంపుటి ఉంది. అందులో పురుగులంటే ఇష్టపడే ఒక పెద్దింటి అమ్మాయి కథ వస్తుంది. ఆవిడ గొంగళిపురుగుల్ని పెంచుకుంటుంది, కనుబొమలు పీకించుకోదు, పళ్ళు నల్లబరుచుకోదు. ఆమె నవ్వితే తెల్లగా మెరిసే పళ్ళు చూసి ఇంట్లో దాసీలు అసహ్యించుకుంటారు. తెల్లపళ్ళంటే అసహ్యం! (హయావో మియజాకి 'నౌసికా' సినిమాలో నాయికకి ఒక ప్రేరణ ఈ అమ్మాయేనట. యానిమే పిచ్చి ఉన్నవాళ్ళ కోసం చెప్తున్నాను.)

ఆ నల్లరంగు తయారీ నాకు భలే నచ్చింది. ఇనప తుక్కుని వినిగర్, టీ, బియ్యపు సారా లాంటివాటిలో వేసి వారాల తరబడి ఊరబెడతారు. ముక్కు మూసుకోవాల్సిన కంపుతో గోధుమరంగు ఊట తయారవుతుంది. ఒకరకం చెట్ల మీద పురుగుల వల్ల వచ్చే బుడిపెలుంటాయి, మన మాచికాయ లాంటివి. వాటిని పొడి కొట్టి, ఊటతో కలిపి పళ్ళకి పూసుకుంటారు. ఊటలో ఇనుము, పొడిలో టానిన్. రెండూ కలిస్తే నీళ్ళకి కరగని నల్లటి పదార్థం. ఒకసారి పూస్తే సరిపోదు, రెండు మూడు రోజులకోసారి పూసుకుంటూ ఉండాలి.

ఇది చదువుతుంటే నాకు వెంటనే శ్రీకాళహస్తి గుర్తొచ్చింది. కలంకారీలో నల్లరంగు పుట్టేది అచ్చం ఇలాగే. ముందు గుడ్డని కరక్కాయ పొడి కలిపిన పాలల్లో తడిపి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనప ముక్కల్ని బెల్లం నీళ్ళలో వారాలపాటు ఊరబెడతారు. ఆ ఊటలో కలం ముంచి గుడ్డ మీద గీస్తే గీసినచోటల్లా నల్లగా దిగుతుంది. కరక్కాయలో టానిన్, ఊటలో ఇనుము. కెమిస్ట్రీ ఒకటే. మనవాళ్ళు దాంతో గుడ్డ మీద రామాయణం గీశారు, వాళ్ళు పళ్ళకి పూసుకున్నారు, యూరప్‌లో కొన్ని వందల ఏళ్ళు దాంతోనే సిరా చేసుకుని దస్తావేజులు రాసుకున్నారు.

ఆమాటకొస్తే మన దగ్గరా పళ్ళకి పూసుకున్నారు. ఉత్తర భారతంలోనూ, మన హైదరాబాదుతో సహా దక్కన్‌లోనూ ముస్లిం స్త్రీలు 'మిస్సీ' అనే నల్లపొడి చిగుళ్ళకీ పళ్ళ సందులకీ పట్టించేవారు. పదహారు సింగారాల్లో అదొకటి. అందులోనూ ఇనుప లవణం, కరక్కాయ లాంటివే.

నల్లబరుచుకోవడం అంటే పళ్ళు పాడుచేసుకోవడం అనుకుంటాం కదా. కాదు. ఒహగురో పట్టాలంటే ముందు పుల్లతో పళ్ళు శుభ్రంగా తోముకోవాలి, పాచి ఉంటే రంగు సరిగ్గా దిగదు. పట్టిన పొర పంటి పైపెంకుని ఆమ్లాల నుంచి కొంత కాపాడుతుంది. ఒహగురో వేసుకున్న పళ్ళలో పుచ్చు తక్కువని జపాన్ దంతవైద్యులు ఆ తర్వాత గమనించారు. అంటే తెలిసో తెలియకో రోజు మార్చి రోజు సీలెంట్ వేసుకున్నట్టే.

మరి ఎందుకు పోయింది? డాక్టర్లు వద్దన్నారని కాదు, తెల్లవాళ్ళు నవ్వారని. 1850లలో జపాన్ తలుపులు తెరిచాక వచ్చిన విదేశీయులు దాదాపు అందరూ ఈ పళ్ళ గురించి రాశారు. బ్రిటన్ తరఫున వచ్చిన మొదటి రాయబారి రూథర్‌ఫర్డ్ ఆల్కాక్ 1863లో అచ్చేసిన పుస్తకంలో జపాన్ ఆడవాళ్ళ నోళ్ళ గురించి రాసింది చదివితే, ఆయన నచ్చక రాశాడా, అసహ్యంతో రాశాడా అన్న అనుమానం మిగలదు. అసమాన ఒప్పందాలతో నలిగిపోతూ, ఎలాగైనా నాగరికులమని వాళ్ళ చేత అనిపించుకోవాలని తహతహలాడుతున్న మెయిజీ ప్రభుత్వం 1870లో ప్రభువంశాల వాళ్ళు పళ్ళు నల్లబరుచుకోవడాన్ని నిషేధించింది. 1873లో మహారాణి షోకెన్ తెల్లపళ్ళతో జనం ముందుకొచ్చింది. అక్కణ్ణించి పట్నాల్లో ఒహగురో ముసలమ్మల గుర్తుగా మిగిలిపోయింది, తర్వాత అదీ పోయింది. వియత్నాంలోనూ కథ దాదాపు ఇదే. లక్కతో పళ్ళు నల్లబరుచుకోవడం వాళ్ళకి పెద్దమనిషి అవడంతో సమానం. ఫ్రెంచివాళ్ళ కింద ఒక తరం చదువుకునేసరికి అదే సిగ్గయిపోయింది.

నాకు ఇందులో బాధ కలిగించేది ఆచారం పోవడం కాదు. ఆచారాలు వస్తాయి, పోతాయి. ముప్ఫై ఏళ్ళు పళ్ళు నల్లబరుచుకుని, అందగత్తెననిపించుకున్న ఒక గృహిణి, ఒక ఏడాదిలో ఎవరి మీదా ఏ తప్పూ లేకుండా అనాగరికురాలైపోయింది చూడండి.. అదీ.

సరే, ఆల్కాక్ దొరవారి దేశానికి వెళ్దాం. 1598లో పాల్ హెంట్స్‌నర్ అనే జర్మన్ యాత్రికుడు గ్రీనిచ్‌లో మొదటి ఎలిజబెత్ రాణిని చూశాడు. అప్పటికి ఆవిడకి అరవై అయిదు. ఆవిడ ముత్యాలూ, విగ్గూ, మొహమ్మీద ముడతలూ అన్నీ వర్ణించి, పళ్ళు నల్లగా ఉన్నాయని రాశాడు. చక్కెర మరీ ఎక్కువ తినడం వల్ల ఇంగ్లీషువాళ్ళకి ఇది వస్తుందని కారణం కూడా తనే చెప్పాడు. ఇక్కడ నలుపు అలంకారం కాదు, అసలైన పుచ్చు. కానీ అది డబ్బున్నవాళ్ళ పుచ్చు. అప్పట్లో చక్కెర మసాలా దినుసుల్లాగా తూచి అమ్మే సరుకు, కూలివాడికి అందేది కాదు. కాబట్టి పళ్ళు బాగుండేది పేదవాడికే!

తర్వాతి రెండు మూడొందల ఏళ్ళలో ఇది తలకిందులైంది. కరీబియన్ దీవుల్లో ఆఫ్రికా బానిసల చేత చెరకు పండించి చక్కెరని చౌక చేశారు. 1830లలో బానిసత్వం రద్దయ్యాక ఆ తోటలకి మన దేశం నుంచి ఒప్పంద కూలీల్ని తోలుకెళ్ళారు. మారిషస్, నాటాల్, ఫిజీ తోటలకి వెళ్ళినవాళ్ళలో మన కోస్తా జిల్లాల తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. 1874లో బ్రిటన్ చక్కెర మీద సుంకం ఎత్తేసింది. ఇంకేముంది, ఫ్యాక్టరీ కార్మికుడి తిండి అంటే చక్కెర టీ, జామ్ పూసిన రొట్టె. రాణిగారి జబ్బు కూలివాడి నోట్లోకి దిగింది. 1899-1902 బోయర్ యుద్ధానికి సైన్యంలో చేర్చుకోబోతే, పళ్ళు లేవనీ, ఉన్నవి పుచ్చిపోయాయనీ వెనక్కి పంపాల్సినవాళ్ళ సంఖ్య చూసి ప్రభుత్వం కంగారుపడింది.

చక్కెరే కారణమని అనుమానం ఎప్పట్నించో ఉన్నా, దాన్ని కొలిచి చూసింది స్వీడన్‌లో. అదెలా చూశారో చెప్పాలి. లుండ్ దగ్గర విపెహోల్మ్ అనే సంస్థలో మానసిక వైకల్యం ఉన్నవాళ్ళని ఉంచేవారు. 1940ల చివర్లో ఆ రోగుల్ని గుంపులుగా విడగొట్టి, కొందరికి భోజనంతో పాటు చక్కెర, కొందరికి తీపి రొట్టె, కొందరికి భోజనానికీ భోజనానికీ మధ్య పళ్ళకి అంటుకుపోయేలా చేసిన టాఫీలు పెట్టారు. మిఠాయి కంపెనీలు కూడా ఇందులో డబ్బులు పెట్టాయి. టాఫీలు తిన్నవాళ్ళ పళ్ళు ఘోరంగా పుచ్చిపోయాయి. ఎంత చక్కెర తిన్నాం అన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నాం, ఎంతసేపు పంటికి అంటుకునుంది అన్నవే ముఖ్యమని 1954లో ఫలితాలు అచ్చేశారు. తీపి తిన్న ప్రతిసారీ నోట్లో సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. పీహెచ్ 5.5 కంటే దిగితే పంటి పెంకు కరగడం మొదలవుతుంది, లాలాజలం మళ్ళీ మామూలుకి తెచ్చేలోపు ఇంకో టాఫీ పడితే కోలుకునే వ్యవధే ఉండదు. (రోజంతా డెస్క్ మీద తీపి కాఫీ పెట్టుకుని అరగంటకో గుక్క తాగేవాళ్ళం ఆలోచించుకోవాలి.) స్వీడన్‌లో పిల్లలకి శనివారం మాత్రమే మిఠాయి అనే అలవాటు ఆ జ్ఞానంలోంచే వచ్చింది, ఇప్పటికీ ఉంది. ప్రపంచమంతా వాడుకుంటున్న ఆ జ్ఞానం కోసం ఎవరి పళ్ళు పుచ్చబెట్టారో చూడండి. వద్దని చెప్పలేనివాళ్ళవి, పుచ్చితే ఎందుకని అడిగే చుట్టాలు లేనివాళ్ళవి.

బ్రిటన్ కార్మికవాడల్లో ఇంకో పద్ధతి పుట్టింది. పళ్ళు ఎలాగూ పోయేవే, ఒక్కోటీ పీకించుకుంటూ డబ్బులు తగలేసేకన్నా ఒకేసారి అన్నీ పీకించేసి కట్టుడు పళ్ళు పెట్టించేస్తే పీడా పోతుంది కదా అని. ఉత్తర ఇంగ్లండ్‌లో, స్కాట్లండ్‌లో, వేల్స్‌లో ఇరవయ్యొకటో పుట్టినరోజుకో, పెళ్ళికి ముందో అమ్మాయికి ఇది బహుమతి! రేపు అల్లుడికి పళ్ళ ఖర్చు ఉండకూడదని. మన సారెలో మంచం, బీరువా లాగా. బాగున్న పళ్ళు కూడా వాటితోపాటే పోయేవి. 1948లో ఎన్‌హెచ్‌ఎస్ మొదలై వైద్యం ఉచితం అనగానే కట్టుడు పళ్ళకి జనం ఎగబడ్డారు. ఖర్చు తట్టుకోలేక 1951లో పళ్ళకీ, కళ్ళజోళ్ళకీ ఛార్జీ పెట్టారు. ఆ సేవకి పునాది వేసిన అన్యూరిన్ బెవన్ దానికి నిరసనగా మంత్రి పదవి వదిలేశాడు. 1968లో లెక్కలు తీస్తే ఇంగ్లండ్, వేల్స్‌లో పెద్దవాళ్ళలో 37 శాతం మందికి సొంత పన్ను ఒక్కటీ లేదు. 2009 నాటికి అది 6 శాతానికి దిగింది.

ఇక అమెరికా. ఇక్కడ తెలుపు రాజ్యం. హాలీవుడ్‌లో 1920ల చివర్లో ఛార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు నటుల పళ్ళ మీద పల్చటి పింగాణీ పొరలు తాత్కాలికంగా అంటించడం మొదలెట్టాడు, షూటింగ్ అయ్యాక తీసేసేవారు. బాలనటి షర్లీ టెంపుల్ నవ్వులో ఆయన చేతిపని ఉంది. అసలు మనిషి పన్ను సహజంగా పాలతెలుపు కాదు. పై పెంకులోంచి లోపలి పసుపు కొంచెం కనపడుతుంది. సినిమా చూసి చూసి ఆ పసుపే రోగం అనుకోవడం మొదలైంది.

బ్రిటిషువాళ్ళ పళ్ళ మీద అమెరికన్లు వేసే జోకులు మనలో ఆన్‌సైటు వెళ్ళొచ్చినవాళ్ళకి తెలిసే ఉంటాయి. 2015లో బీఎంజే పత్రికలో కొందరు పరిశోధకులు ఆ జోకుని సీరియస్‌గా తీసుకుని రెండు దేశాల పెద్దవాళ్ళ పళ్ళు పోల్చారు. పోయిన పళ్ళ సగటు ఇంగ్లండ్‌లో 6.97, అమెరికాలో 7.31. జోకులేసేవాళ్ళకే ఎక్కువ పోయాయి! పైగా డబ్బూ చదువూ ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ మధ్య తేడా అమెరికాలోనే ఎక్కువ. అందులో ఆశ్చర్యం ఏముంది, అక్కడ పళ్ళు శరీరంలో భాగం కాదు కదా. హెల్త్ ఇన్సూరెన్సు వేరు, డెంటల్ వేరు. 1840లో బాల్టిమోర్‌లో ప్రపంచంలోనే మొదటి దంతవైద్య కళాశాల మెడికల్ కాలేజీతో సంబంధం లేకుండా విడిగా మొదలైంది. అప్పుడు పడ్డ గోడ ఇప్పటికీ మన పే స్లిప్పులో వేరే డిడక్షన్‌గా కనపడుతోంది. రూట్ కెనాల్‌ని ఇండియా ట్రిప్పు దాకా వాయిదా వేసి, పెయిన్‌కిల్లర్లు మింగుతూ స్ప్రింట్లు లాగించే మనవాళ్ళు ఆ గోడకి ఆనుకునే కూర్చున్నారు.

ఇప్పుడు గారపళ్ళ దగ్గరికొస్తాను. అసలు నేను రాద్దామనుకున్నది దీని గురించే.

1901లో ఫ్రెడరిక్ మెక్కే అనే కుర్ర దంతవైద్యుడు కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీసు పెట్టాడు. ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళలో చాలామంది పళ్ళ మీద చాక్లెట్ రంగు మచ్చలు. ఎందుకని అడిగితే తలా ఒకటి చెప్పారు. పందిమాంసం ఎక్కువ తినడం వల్లనీ, పాలు మంచివి కాకనీ, నీళ్ళలో సున్నం వల్లనీ. మెక్కే ఊరుకోలేదు, దాదాపు ముప్ఫై ఏళ్ళు దీన్ని పట్టుకు వేలాడాడు. 1909లో అమెరికా దంతవైద్యానికి పెద్దదిక్కైన జి.వి. బ్లాక్ కూడా వచ్చి చేరాడు. వాళ్ళకి రెండు విషయాలు తేలాయి. ఒకటి, పళ్ళు వచ్చాక ఆ ఊరికి వచ్చినవాళ్ళకి మచ్చలు రావడం లేదు. అంటే పన్ను తయారయ్యే వయసులోనే ఏదో జరుగుతోంది. రెండోది మరీ చిత్రం. ఈ మచ్చల పళ్ళు పుచ్చడం లేదు.

కారణం దొరికింది 1931లో, అదీ దంతవైద్యుడికి కాదు. అర్కన్సాలో అల్యూమినియం కంపెనీ కట్టిన బాక్సైట్ అనే ఊళ్ళో పిల్లలకీ ఇవే మచ్చలు వచ్చాయి. అల్యూమినియం గిన్నెలు విషమని అప్పటికే పుకార్లు, ఇది మన మెడకి చుట్టుకుంటుందేమోనని కంపెనీ కెమిస్టు హెచ్.వి. చర్చిల్ ఆ ఊరి నీళ్ళు పరీక్ష చేశాడు. అనుకోనంత ఫ్లోరైడ్! మెక్కే పంపిన నీళ్ళలోనూ అదే. ఆ తర్వాత ట్రెండ్లీ డీన్ అనే ప్రభుత్వ పరిశోధకుడు ఊరూరా నీళ్ళూ పళ్ళూ కొలిచి, లీటరుకి 1 మిల్లీగ్రాము దగ్గర మచ్చలు దాదాపు రావనీ, పుచ్చు మాత్రం తగ్గుతుందనీ తేల్చాడు. 1945 జనవరి 25న మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్ ఊరి నీళ్ళలో కావాలని ఫ్లోరైడ్ కలపడం మొదలెట్టారు. ఆ తర్వాత పుట్టిన పిల్లల్లో పుచ్చు 60 శాతానికి పైగా తగ్గింది. పళ్ళ పెట్టెల మీద "ఫ్లోరైడ్ ఉన్నది" అని గొప్పగా రాసుకునే పేస్టులన్నిటికీ మూలం, ఆ గారపళ్ళ ఊరే.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1937లో, మద్రాసు ప్రెసిడెన్సీలోని అప్పటి నెల్లూరు జిల్లాలో షార్ట్ బృందం ఇదే ఫ్లోరైడ్ మన జనానికి ఏం చేస్తోందో అచ్చేసింది. మన దేశంలో ఫ్లోరోసిస్ మీద తొలి నివేదికల్లో అదొకటి. పళ్ళ మచ్చలే కాదు, వంగని వెన్నులు, బిగుసుకుపోయిన కీళ్ళు. 1955లో సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్గొండ గురించి రాశాడు. అక్కడి నల్లరాయిలో, గ్రానైటులో ఉన్న ఫ్లోరైడ్ భూగర్భజలంలోకి కరుగుతుంది. వానలు తక్కువ, చెరువులు పూడిపోయాయి, బోర్లు లోతుకి దిగాయి. తాగడానికి లీటరుకి 1 మిల్లీగ్రాము మంచిదనీ, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఫరవాలేదనీ మన ప్రమాణాలు. కొన్ని ఊళ్ళలో దానికి ఎన్నో రెట్లుండేది.

అదే మూలకం. ఒకచోట పైపులో తూచి కలిపారు, ఇంకోచోట తియ్యమంటే తీసే నాథుడు దశాబ్దాల పాటు లేడు.

మనలాంటి వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, పంటి పెంకు ఒక రీడ్ ఓన్లీ మెమరీ. పుట్టినప్పటినుంచి ఎనిమిదేళ్ళ లోపు రాయడం అయిపోతుంది (జ్ఞానదంతాలు వదిలేస్తే). అప్పుడు తాగిన నీళ్ళు అందులో రికార్డయిపోతాయి. ఆ తర్వాత కృష్ణా నీళ్ళు వచ్చినా, 2016లో మొదలైన మిషన్ భగీరథ కుళాయి ఇంట్లోకి వచ్చినా, ఆ రికార్డు చెరగదు. ఏ పేస్టు పెట్టి ఎంతసేపు తోమినా పోదు, ఎందుకంటే అది పైన పట్టిన మురికి కాదు. పంటి లోపలే ఉంది. మరీ ఎక్కువైతే పెంకు గుంటలు పడి పెచ్చులూడుతుంది, అప్పుడు పుచ్చూ వస్తుంది. కానీ ఓ మాదిరి గార ఉన్న పన్ను చాలాసార్లు మన తెల్లపళ్ళ కంటే పుచ్చుకి ఎక్కువ తట్టుకుంటుంది.

నాతో పనిచేసినతను ఒకడు మునుగోడు వైపువాడు. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. కరోనా రోజుల్లో మాస్కు పెట్టుకుని ఆఫీసుకి రమ్మంటే సంతోషించింది మా ఫ్లోర్ మొత్తం మీద అతనొక్కడే :) ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో ఇంటర్వ్యూ ట్రైనింగ్ ఇచ్చే ఒకాయన "నోరు మూసి నవ్వడం ప్రాక్టీసు చెయ్యి బాబూ" అని సలహా ఇచ్చాడట. అతనికి ముప్ఫై దగ్గర పడుతున్నా ఒక్క పన్నూ పుచ్చలేదు. సలహా ఇచ్చినాయనకి రెండు రూట్ కెనాల్స్ అయ్యాయట, ఆ సంగతీ అతనే చెప్పాడు. ఇప్పుడు ముందు ఆరు పళ్ళూ అరగదీయించి వెనీర్లు వేయించుకోవడానికి డబ్బులు దాస్తున్నాడు. గట్టిగా ఉన్న పెంకుని డబ్బులిచ్చి మరీ అరగదీయించుకోవడం. వద్దని నేనెలా చెప్పను, సంబంధాల వాళ్ళు చూసేది నా పళ్ళు కాదు కదా. స్కాట్లండ్ పెళ్ళికూతురు గుర్తొచ్చింది.

అన్నట్టు 'నల్గొండ టెక్నిక్' పేరు విన్నారా? నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారుచేసింది. నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, ఫ్లోరైడ్‌ని మడ్డితో పాటు కిందికి దింపేసే పద్ధతి. కరెంటు పెద్దగా అక్కర్లేదు, బకెట్‌లో కూడా చేసుకోవచ్చు. ఇథియోపియా, టాంజానియాల్లో కూడా వాడారు, అక్కడి ఇంజినీర్లు ఆ పేరుతోనే చదువుకుంటారు. నల్గొండ పేరు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కినా, మడ్డి ఎక్కడ పారబొయ్యాలి, పటిక రోజూ ఎవరు కొనాలి అన్న దగ్గర మన ఊళ్ళలో చాలా ప్లాంట్లు మూలపడ్డాయి.

రంగు కనపడుతుంది కాబట్టి దాని మీద ఇంత గోల. కనపడని చోట ఏం జరిగినా పట్టదు. శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల్లో ఆడవాళ్ళకి అడ్డపొగ అలవాటు ఉంది. చుట్ట మండే కొసని నోట్లో పెట్టుకుని పీలుస్తారు. దాంతో అంగిలికి క్యాన్సర్ వస్తోందని ఆంధ్ర డాక్టర్లు 1957లోనే రాశారు. 1971లో పిండ్‌బోర్గ్ బృందం ఆ ప్రాంతంలో పదివేల మందికి పైగా జనం నోళ్ళు చూసి బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో అచ్చేసింది. అంగిలి మీద తెల్లబడ్డ మచ్చలు ఏ పెళ్ళిచూపుల్లోనూ కనపడవు. అలాగే తాంబూలం. నోరు ఎర్రగా పండితే మొగుడు ప్రేమిస్తాడన్నాం. వక్క ఒక్కటే చాలు క్యాన్సర్ రావడానికని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటిస్తే ఆ వార్త మన పెళ్ళిళ్ళ దాకా రానేలేదు.

చివరగా మళ్ళీ జపాన్. 1960ల చివర్లో ఒసాకాలో సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే మందు తయారుచేశారు. పుచ్చు మీద బొట్టు పూస్తే చాలు. వెండి సూక్ష్మజీవుల్ని చంపుతుంది, ఫ్లోరైడ్ పంటిని గట్టిపరుస్తుంది, పుచ్చు చాలావరకు అక్కడితో ఆగిపోతుంది. డ్రిల్లింగు లేదు, మత్తు సూది లేదు, చిన్నపిల్లలు ఏడవరు, ఖర్చు కూడా తక్కువ. అమెరికాలో 2014లో పళ్ళ జివ్వుమనడానికి మందుగా అనుమతి వచ్చింది, 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఒక్కటే ఇబ్బంది. పూసినచోట పుచ్చు నల్లగా, ఒహగురో అంత నల్లగా మారిపోయి అలాగే ఉండిపోతుంది. న్యూయార్క్‌లో తల్లిదండ్రులకి ఆ నల్లబడ్డ పళ్ళ ఫొటోలు చూపించి అడిగి 2017లో ఫలితాలు అచ్చేశారు. వెనక దవడ పళ్ళకైతే ఫరవాలేదన్నవాళ్ళు 67.5 శాతం. ముందు పళ్ళకి 29.7.

అవి పాలపళ్ళు. ఎలాగూ ఊడిపోయేవే.